వారసులు లేరని రాసినవాణ్ణి

పాతికేళ్లకు పైగా ఒక మాట గొంతుకు అడ్డం పడి ఉంది. కక్కలేను, మింగలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల్లో నేను కోనసీమలో ఒక ఊళ్లో రెవెన్యూ ఉద్యోగిని. మా వీధి చివర శాంతమ్మ అనే ముసలావిడ ఉండేది. మూడు సెంట్ల స్థలం, అందులో ఓ పాక. ఒక్కగానొక్క కూతురు సుగుణ మస్కట్‌లో ఇళ్లల్లో పని చేసేది. శాంతమ్మకు చదువు రాదు. కూతురి ఉత్తరాలు చదివి వినిపించింది నేనే, జవాబులు రాసిపెట్టింది నేనే. మస్కట్ అడ్రసు నాకు కంఠతా వచ్చు.

శాంతమ్మ పోయింది. ఆ స్థలం వెనకాలే మా బావమరిది కొబ్బరితోట, దానికి రోడ్డు మీదికి దారి లేదు. వారసులు లేరని నేను ఒక్క ముక్క రాస్తే స్థలం సర్కారుకు పోతుంది, తర్వాత దాన్ని దారికి రాయించుకునే సంగతి తను చూసుకుంటానన్నాడు బావమరిది. రాశాను. సుగుణకు కబురు పెట్టలేదు. అమ్మ ఎందుకు పలకడం లేదని ఆమె రాస్తే, పోస్ట్‌మాన్ అలవాటుగా నాకే ఇచ్చిన రెండు ఉత్తరాలూ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎందుకు చేశాను? మొహమాటమా, ఇంట్లో గొడవ అవుతుందన్న భయమా, అడిగేవాళ్లెవరున్నారన్న ధీమానా? ఏ పేరు పెట్టుకున్నా రాసిన చెయ్యి నాదే కదా.

ఏడాదికి సుగుణ సెలవు మీద వచ్చింది. పాక లేదు. అమ్మ పోయిన సంగతి ఇరుగుపొరుగు చెబితే విని, తిన్నగా మా అరుగు దగ్గరికొచ్చి నిలబడింది.

"అమ్మ పోయినప్పుడు దగ్గరున్నది మీరేనంట కదండీ, బాబాయిగారూ?"

"ఆయ్, ఉన్నానమ్మా."

"మరి స్థలం ఏమైపోయిందండీ?"

"పైవాళ్లు తీసేసుకున్నారమ్మా. మన చేతిలో ఏముంది?"

"మీరు మాత్రం ఏం చేస్తార్లెండి" అని ఏడుస్తూనే సంచిలోంచి ఖర్జూరం ప్యాకెట్టు తీసి నా చేతిలో పెట్టింది. ఛీ, తీసుకున్నాను కూడా.

చాలా ఏళ్ల తర్వాత మా అమ్మాయికి పాఠం చెబుతూ పెద్ద ఇంగ్లీషు డిక్షనరీ తిరగేశాను. 'చీట్' అనే మాట ఎలా పుట్టిందో అందులో ఉంది. పూర్వం ఇంగ్లండులో వారసులు లేనివాళ్ల భూమిని రాజుకు, దొరలకు స్వాధీనం చేసే ఉద్యోగులుండేవారట. వాళ్లు అన్యాయంగా లాక్కున్నవి ఎంత ఎక్కువంటే, 'ఎస్చీట్' అనే ఆ పని పేరే అరిగి అరిగి 'చీట్' అయి, మోసానికి మాటయిందట. మా అమ్మాయి అర్థం అడిగింది. మోసం అని చెప్పి పుస్తకం మూసేశాను.

సుగుణ ఇప్పుడు పి.గన్నవరంలో అద్దెకుంటోందట. నేనెక్కిన బస్సు ఆ ఊరు దాటేదాకా తల దించుకునే ఉంటాను. ఎక్కి నా పక్కనే కూర్చుంటే? బాగున్నారా బాబాయిగారూ అంటే?

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీది కాదు. ఆ రోజు రిపోర్టులో రాయాల్సింది మాత్రం ఇవాళ రాస్తున్నాను. శాంతమ్మకు కూతురుంది. పేరు సుగుణ. ఉందని తెలిసే, లేదని రాశాను.