లేని మనిషి కోసం ఉపవాసం

మా కొవ్వూరులో నాకిప్పుడు ముఖం చెల్లడం లేదండి. మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. నేను ఒక్క నవల చదివిన పాపానికి పదిహేనుమంది ఆడవాళ్ళు లోకంలో లేని మనిషి కోసం కన్నీళ్ళతో ప్రార్థన చేశారు. చేయించింది నేనే!

అసలు తప్పంతా ఆ పుస్తకానిది. మా స్కూల్ లైబ్రరీ బీరువాలో దొరికింది. పాత నవల, అట్ట కూడా లేదు. సముద్రం మధ్య చిన్న లంక, లంకలో లైట్‌హౌస్, అందులో ఒకే ఒక్క మనిషి. రోజూ సాయంత్రం అతను లైటు వేస్తాడు. అదే సమయానికి ఒడ్డున ఒక ఇంటి కిటికీలో ఎవరో ఆవిడ దీపం పెడుతుంది. అంతే! ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు, దగ్గరగా చూసుకోనూ లేదు. ఇరవై ఏళ్ళు ఆ వెలుగూ ఈ వెలుగూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి.

నేను మెల్లగా ఆ లంకకే కాపురం మార్చేశాను. మా గోదారి గట్టు మీద నడుస్తుంటే అవతల రాజమండ్రి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి కదా, గోదాట్లో పొడుగ్గా సాగి వణుకుతాయి కదా... వాటిలో ఆవిడ కిటికీ ఏదా అని వెతికేదాన్ని. బ్రిడ్జి మీద రైలు పోతే అలల చప్పుడులా వినబడేది. పప్పులో రెండుసార్లు ఉప్పేశాను. మా ఆయన కిక్కురుమనకుండా మజ్జిగన్నం తిని లేచారు.

ఇక బుధవారం సాయంత్రం. కరుణమ్మ గారింట్లో మా చర్చి స్త్రీల కూడిక. ఆవిడ డెబ్భై ఏళ్ళ పెద్దావిడ, షుగరు, రోజూ ఇన్సులిన్. బయల్దేరే ముందు ఒక్క పేజీ చదువుదామని తెరిచాను. ఆ పేజీలోనే ఒడ్డున కిటికీ చీకటిగా ఉండిపోయింది! ఆ రోజు ఆవిడ దీపం పెట్టలేదు. ఇంకా ముప్పై పేజీలున్నాయి, టైమేమో లేదు. పుస్తకం సంచిలో పడేసి వెళ్ళాను.

పాటలయ్యాయి, బైబిల్ వాక్యం చదవడం అయింది. నాకేమీ ఎక్కలేదు. ప్రార్థనకి ముందు ఒక్కొక్కరూ తమ మనవి చెప్పుకోవడం మా అలవాటు. ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఇంకొకరి పిల్లకి పరీక్షలు. నా వంతు వచ్చింది.

"టీచరమ్మా, నీ మనవేంటమ్మా?" అన్నారు కరుణమ్మ గారు.

"పాపం, అతను ఒక్కడే ఉంటున్నాడండి. లైట్‌హౌస్‌లో. ఇరవై ఏళ్ళుగా. ఆవిడకేమైందో కూడా తెలీదండి..."

చెప్పి ఏడ్చాను కూడానండి!

"అంతర్వేది లైట్‌హౌసా?" అంది పక్కనున్న రత్నకుమారి. "గవర్నమెంట్ జాబేనా? మా ఆడపడుచు కూతురికి చూస్తున్నాం."

"ఊరుకో అమ్మా!" అని కరుణమ్మ గారు తల మీద కొంగు కప్పుకున్నారు. "ప్రభువా, ఆ ఒంటరి బిడ్డని జ్ఞాపకం చేసుకో తండ్రీ..."

అప్పుడొచ్చింది నాకు తెలివి! ఏం లాభం? అందరూ కళ్ళు మూసుకున్నారు, అందరి చెంపలూ తడిసిపోయాయి. ఆమెన్ అన్నాక చెబుదామనుకున్నాను. ఆమెన్ అవ్వగానే కరుణమ్మ గారు, "శుక్రవారం ఆ అబ్బాయి కోసం నేను ఉపవాసం ఉంటాను" అనేశారు. ఇన్సులిన్ మనిషి! అక్కడే చెప్పేయాల్సింది. కానీ పిరికిదాన్ని కదా, అందరిముందూ నోరు పెగల్లేదు.

గురువారమంతా గిలగిల్లాడాను. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ఆవిడ కళ్ళు తిరిగి పడిపోతే? శుక్రవారం పొద్దున్నే బాక్సులో ఇడ్లీలు, చంకలో పుస్తకం పెట్టుకుని పరిగెత్తాను. అప్పటికే నలుగురు వచ్చి చాప మీద కూర్చున్నారు.

"పిన్నిగారూ, మీరు ముందు టిఫిన్ చేసేయండి. అతను ఈ పుస్తకంలో మనిషండి. కథ. నా బుద్ధి గడ్డి తిని అలా చెప్పేశాను."

కిటికీ చీకటైపోయిన దాకా కథంతా చెప్పాను. "అయితే సంబంధం లేనట్టే" అని రత్నకుమారి నిట్టూర్చింది.

కరుణమ్మ గారు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నిమిరారు. "మా ఆయన పోయాక నేను మాటలు వినబడాలని టీవీ పెట్టుకుని కూర్చుంటున్నానే. ఆ అబ్బాయి కోసం అడుగుతుంటే నా కోసమే అడుగుతున్నట్టుంది" అన్నారు. ఇన్నేళ్ళుగా ఆవిడ ఇంటికి వెళ్తున్నాను, ఒక్కసారైనా ఆ సంగతి అడగలేదు.

"ఇంతకీ ఆవిడ దీపం పెట్టిందా లేదా?" అన్నారు కరుణమ్మ గారే.

"తెలీదండి. ఇంకా ముప్పై పేజీలున్నాయి."

"అయితే ఆ ఇడ్లీలు ఇటివ్వు!" అని కళ్ళజోడు పెట్టుకున్నారు. పుస్తకం మాత్రం మళ్ళీ నా చేతికి రాలేదు. ఉత్తుత్తి మనవి చెప్పినందుకు అదే నాకు శిక్షట. అందరూ చదివాకే నాకట.

ఇప్పుడది ఇల్లిల్లూ తిరుగుతోంది. చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు, నన్ను చూసి నవ్వుతారు, ముగింపు మాత్రం ఒక్కరూ చెప్పరు. మొన్న బుధవారం నా వంతు రాగానే పూర్తి స్పృహలో ఉండి, చేతులు జోడించి, "ఆ ముప్పై పేజీలు నాకు త్వరగా దొరికేలా ప్రార్థించండి" అన్నాను.

ఒక్కరు కూడా కళ్ళు మూసుకోలేదండి!