మోకాలి మీది బాణం

సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్‌గా పదవీ విరమణ చేశాక, కోవిడ్ సద్దుమణిగిన మరుసటి వేసవిలో ఘాజియాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అనస్థీషియా విభాగాధిపతిగా చేరాను. మమ్మల్ని తెలుగులో మత్తు డాక్టర్లంటారు. మనుషుల్ని నిద్రపుచ్చడం నా వృత్తి. ఉపన్యాసమిచ్చినా అదే ఫలితం వస్తుందని మా ఆవిడ అంటుంది.

అక్కడ నేను పట్టుబట్టి పెట్టించిన పద్ధతి ఒకటుంది. మత్తు ఇచ్చే ముందు నేనూ థియేటర్ నర్సూ రోగి పక్కన నిలబడి పేరు, ఆపరేషన్, ఏ పక్క అన్నవి పైకి చెప్పి సరిచూసుకోవాలి. దీన్ని 'సైన్ ఇన్' అంటారు. కోయాల్సిన పక్కన సర్జనే ముందురోజు మార్కర్‌తో బాణం గీసి, పొడి సంతకం పెట్టాలి. ఎముకల విభాగం సీనియర్ సర్జన్‌కి ఇదంతా కవాతులా కనిపించేది. ఆసుపత్రికి ఎక్కువ కేసులు తెచ్చేది ఆయనే, నేనేమో ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను. చేతులు కడుక్కుంటూ "కర్నల్ సాబ్, పరేడ్ హో గయీ?" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, పరేడ్ మాత్రం మానలేదు.

ఒక శుక్రవారం సత్యవతమ్మగారికి మోకాలి మార్పిడి. ఊరు కాకినాడ. కొడుకు నోయిడాలో సాఫ్ట్‌వేర్, కాపురం ఇక్కడే, ఘాజియాబాద్ వైశాలిలో. రెండు మోకాళ్లూ అరిగినవే. ఎక్కువ అరిగినదాన్ని ముందు మార్చాలని నిర్ణయం. ఎడమ మోకాలి మీద బాణం ఉంది. దాన్ని చూసి బోర్డు మీదా ఎడమ అనే రాశారు. వెన్నులో మత్తు ఇవ్వడానికి ఆవిడను కూర్చోబెట్టాం. సైన్ ఇన్ చెప్పుకుంటూ అప్పుడు చూశాను, బాణం పక్కన సంతకం లేదు. అంగీకార పత్రంలో ఏ పక్కో రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. సర్ మరిచిపోయి ఉంటారని నర్సు సర్దిచెప్పింది. చేతిలోని సూదిని తిరిగి ట్రేలో పెట్టేశాను.

"అమ్మా, ఇవాళ ఏ మోకాలికి ఆపరేషన్?" అని తెలుగులో అడిగాను.

"అదేంటి బాబూ, డాక్టరువి నువ్వా, నేనా?"

"పోనీ, ఏది ఎక్కువ బాధపెడుతోంది?"

కుడి మోకాలి మీద చెయ్యి వేసింది. "ఇదిగో, ఈ మహాతల్లే. ఆ రెండోది పాపం ఇంకా మాట వింటోంది."

తీగ లాగితే సంగతి బయటపడింది. శుక్రవారం పూట ఒంటి మీద ఈ నల్లగీత ఏమిటని ఆవిడ పొద్దున స్నానంలో రుద్ది రుద్ది బాణాన్ని వదిలించి, మోకాళ్ల దాకా పసుపు రాసుకుంది. వార్డులో కొత్తగా చేరిన నర్సు ఆ పసుపు తుడిచింది. గుర్తు కనపడకపోయేసరికి ఎడమ మోకాలు తాకి "యే వాలా, మాతాజీ?" అని అడిగి, బాణం తనే గీసేసింది.

"హా జీ అన్నాను బాబూ. ఇక్కడ ఏమడిగినా హా జీ అంటే పనైపోతుందని మా కోడలు నేర్పింది."

సర్జన్‌కి కబురు పెట్టాను. తడి చేతులు పైకెత్తుకుని, ఈసారేం కవాతు అన్నట్టు వచ్చాడు. సంతకం లేనిదే మత్తు ఇవ్వనన్నాను. ఆయన ఎడమ మోకాలు చూశాడు, ఎక్స్‌రే చూశాడు, మళ్లీ మోకాలు చూశాడు. "యే మేరా తీర్ నహీఁ హై," అన్నాడు మెల్లగా, ఈ బాణం తను గీసింది కాదని. మార్కర్ అడిగి కుడి మోకాలి మీద బాణం గీసి, సంతకం పెట్టాడు. చేతులు మళ్లీ కడుక్కోవాల్సి వచ్చినా విసుక్కోలేదు.

"పరేడ్ ఫిర్ సే, కర్నల్ సాబ్," అన్నాడు, కవాతు మళ్లీ మొదటి నుంచి కానిమ్మని. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అలా ఆవిడ మోకాలికీ నా బోడిగుండుకీ ముడిపడింది.

తర్వాతి సోమవారం సమీక్షలో ఆ వార్డు నర్సును శిక్షించాలన్న మాట వచ్చింది. అడ్డుకున్నది సర్జనే. గుర్తు చెరిగిపోతే ఎవరిని పిలవాలో ఆ అమ్మాయికి మనమే చెప్పలేదన్నాడు. ఆ రోజు నుంచి చెరిగిన గుర్తును సర్జన్ తప్ప ఎవరూ తిరిగి గీయకూడదు. అవుననే జవాబుతో సరిపోయే ప్రశ్న రోగిని అడగకూడదు, రోగే చూపించాలి.

కొన్నాళ్లకు ఎడమ మోకాలి వంతు వచ్చింది. ఆవిడ బాణాన్ని ముట్టుకోకుండా చుట్టూ గట్టు కట్టినట్టు పసుపు రాసుకొచ్చింది. "సంతకం ఉందో లేదో చూసుకో బాబూ," అని నన్నే హెచ్చరించింది.

సైన్యం ఇచ్చిన పతకాలు అల్మరాలో ఉన్నాయి. ఉద్యోగంలో గొప్పగా ఏం చేశారని ఎవరైనా అడిగితే మాత్రం, ఒక సూదిని తిరిగి ట్రేలో పెట్టానని చెబుతాను. నేర్చుకున్నది ఇంతే: రోగి నోట వచ్చే 'హా జీ' మర్యాదే కానీ జవాబు కాదు. జవాబు వచ్చేదాకా సూది ట్రేలోనే ఉండాలి.