నై అన్న బస్సెక్కి

మొన్న కరీంనగర్ బస్టాండులో, ఈ బస్సు చొప్పదండి పోతుందా అని అడిగితే కండక్టరు సెల్‌ఫోనులోంచి తలెత్తకుండానే "నై" అన్నాడు. నేను నిక్షేపంగా ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. "పోదంటున్న గదమ్మా!" అని అతను గాబరాపడేదాకా నాకు సోయి రాలేదు. దిగాను గానీ నవ్వాగలేదు. ముసలిదానికి మతి పోయిందనుకొని ఉంటాడు. మతి పోలేదు నాయనా, నాక్సోస్ పోయివచ్చాను, అంతే.

నాక్సోస్ గ్రీకువాళ్ల ద్వీపం. నిరుడు మా చెల్లె, మరిది పోతూ నన్నూ తీసుకెళ్లారు. అక్కడి పెద్ద ఊరు హోరా. రేవును ఆనుకొనే తెల్లటి ఇళ్లు మెట్లుమెట్లుగా పైకి పోతాయి, పక్కన దిబ్బ మీద గోడలూ కప్పూ ఏమీ లేని ఒంటరి పాలరాతి ద్వారం. అందరూ దాని ముందు ఫోటోలు దిగుతుంటే నా మనసు మాత్రం ద్వీపానికి అవతలి తీరాన ఉంది. అక్కడ మూత్సునా అనే చిన్న రేవుకు, కొండల్లో తవ్విన సానరాయిని ఒకప్పుడు ఇనుపతాడు మీద తొట్టెల్లో దింపేవారట. ఆ స్తంభాలూ తొట్టెలూ ఇంకా అట్లాగే ఉన్నాయని హోటల్లో గోడమీది ఫోటో చూసి తెలుసుకున్నాను.

బొగ్గుబాయి కాలనీల్లో పెరిగినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. బొగ్గు తీసిన బాయిల్లో నింపడానికి గోదావరి ఇసుకను మోసుకుంటూ మన తలల మీదుగా తొట్టెలు పోయేవే, ఆ రోప్‌వే. మా బాపు దాని చక్రాలకు నూనె పోసేవాడు. ఆ తొట్టెలు ఎక్కడ బయలుదేరుతాయో ఆ ఒడ్డు చూడాలని చిన్నతనమంతా నాది ఒకటే గోల. అన్నను సైకిల్ ముందు గొట్టం మీద కూర్చోబెట్టుకొని తీసుకెళ్లేవాడు, వెనక క్యారియర్ ఖాళీగానే పోయేది. నాకు మాత్రం "నై బిడ్డా, ఆడివిల్లవు, గాడ నీకేం పని" అనేవాడు. ఆయన నై అంటే నై. నేను టీచర్ ట్రైనింగులో ఉండగా ఆ రోప్‌వేను కోసి తుక్కుకింద అమ్మేశారు. దాని కొస నేను చూడనేలేదు. అందుకే ఈ పరాయి రోప్‌వే కొసనైనా చూసి తీరాలనుకున్నాను.

"తుప్పువట్టిన ఇనుముల ఏమున్నది వదినె, సక్కగ సముద్రం జూడక" అన్నాడు మరిది. చూడవయ్యా, ఎవరొద్దన్నారు అని పొద్దున్నే నేనొక్కదాన్నే బస్సు దగ్గరికి వెళ్లాను. "మూత్సునా?" అంటే డ్రైవరు "నే" అన్నాడు. మళ్లీ అడిగితే "నే, నే" అని చెయ్యి కూడా ఊపాడు. ఉర్దూ కలిసిన మన చెవికి అది నై కాక ఇంకేమవుతుంది? నేను నిలబడే ఉన్నాను, బస్సు వెళ్లిపోయింది. మర్నాడే మా ఓడ. ఇక మిగిలింది మధ్యాహ్నం బస్సు ఒక్కటే.

మధ్యాహ్నం మళ్లీ అదే డ్రైవరు, మళ్లీ అదే నే. నాకు ఒళ్లు మండింది. బాపు నై, మరిది నై, ఇంత దూరం వస్తే వీడూ నై! "నువ్వు నై అంటె నేను ఆగుతననుకున్నవా?" అని తెలుగులోనే దులిపి, ఎక్కి, అతని వెనక సీట్లోనే సంచి ఒళ్లో పెట్టుకొని బైఠాయించాను. పాపం, అతను నవ్వి టికెట్టు ఇచ్చాడు. పక్కసీటు పిల్ల ఇంగ్లీషులో చెప్పింది, వాళ్ల భాషలో నే అంటే అవును అని. పొద్దుటి నుంచి ఎక్కమన్నవాడితోనే నేను కొట్లాడుతున్నాను.

మూత్సునాలో దిగగానే కనపడ్డాయి. నీళ్ల పక్కనే స్తంభాలు, తాడుకు వేలాడుతున్న తొట్టెలు, అచ్చం మావే. స్తంభాన్ని పట్టుకుంటే అరచేతికి తుప్పంటింది. బాపు చొక్కాకుండే నూనె వాసన ఒక్కటే లేదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. బస్సు హారన్ కొట్టేదాకా అక్కడే కూర్చున్నాను.

మన దగ్గర ఒక్క స్తంభం కూడా మిగల్లేదు. మా కాలనీ ఉన్నచోట ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ గొయ్యి ఉంది. బాపూ లేడు. ఆ సైకిల్ కదిలేటప్పుడు, ఆయన నై అంటుండగానే, వెనక క్యారియర్ ఎక్కి కూర్చోవలసింది. దింపేవాడు కాదు.