నిద్రపోని బండి, ఒప్పుకోని ఆడపడుచు

మా ఆడపడుచు పోయింది. హౌరా పక్కన లిలువా నుంచి ఆవిడ కొడుకు ఫోను చేసి, "అత్తా, పొద్దున్నే అమ్మ వెళ్ళిపోయింది" అన్నాడు. ఏడుస్తున్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. కిందటి నెల మా ఇంటికి భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కుంటూ, "ఒక్కరోజు ముందర ఆసుపత్రికి తీసుకెళ్ళుంటే మా అన్న బతికేవాడు వదినా" అని, నా సమాధానం వినకుండా చెప్పులు తొడుక్కుని వెళ్ళిన మనిషి. ఆ సమాధానం అప్పటి నుంచీ నా నోట్లో తయారుగా ఉంది. పోట్లాట సగంలో వదిలేసి పోవడం ఏం మర్యాద?

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. అలా రాస్తే ముందుగా నవ్వేది ఆవిడే. "చూసేవా, వదినకి రాయడానికేటీ దొరక్క నన్ను దేవతని చేసీసింది" అనేది. అంచేత ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆవిడ మా వారి చెల్లెలు. వరసకి చిన్నది, వయసులో నాకంటే కొన్ని నెలలు పెద్ద. ఎవరు ఎవర్ని గౌరవించాలో చివరిదాకా తేలలేదు. మామగారు రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన రోజుల్లో లిలువాలోనే పుట్టి, అక్కడే చదివి, అక్కడి ఆడపిల్లల బడిలో ఫిజిక్సు చెప్పి రిటైరయింది. వీధి వీధంతా ఆవిడని దిదిమణి అనేది, పంతులమ్మ అని. నేను బెజవాడ పిల్లని. లెక్కల ఆఫీసులో పనిచేశాను. ఆవిడ "ఏటి" అన్నప్పుడల్లా నేను "ఏమిటి" అని దిద్దేదాన్ని. "మీ బెజవాడ తెలుగు రేడియో వార్తల్లాగుంటాది వదినా, మాట తక్కువ, ప్రకటన ఎక్కువ" అనేది. నా కొడుక్కి "ఏటి" అనకూడదని నేను బడిలో వెయ్యకముందు నుంచీ నేర్పాను. ఒక్క వేసవి సెలవుల్లో వాడి చేత అనిపించి పంపింది.

మా ఇంటికి వస్తే మనుషులు లేని గదులన్నీ తిరిగి ఫాన్లు ఆర్పేది. "ఎవరి కోసం తిరుగుతోందిది?" అని గట్టిగా అడిగేది, నాకు వినబడేలా. అన్నం తిని మార్కులు వేసేది. "పప్పు పాసు. పులుసుకి గ్రేస్ మార్కులు." ఒక్కనాడు కూడా నా వంటకి ఫస్టు క్లాసు రాలేదు. ఏ మాటయినా తేలేదాకా వదలదు. తేలినా వదలదు.

మా వారు పోయాక ఈ పోరు మరో దారి పట్టింది. అంతకుముందు పులుసు మీద, చీరల మీద, తెలుగు మీద జరిగినదంతా ఒక్క ఉదయం మీదికి వచ్చి చేరింది. ఆయన చివరిసారి మాట్లాడిన ఉదయం. ఆ గదిలో ఉన్నది నేనొక్కదాన్నే. ఆవిడ ఎప్పుడొచ్చినా అదే అడిగేది. నేను అదే చెప్పేదాన్ని. ఆవిడ నమ్మేది కాదు.

ఇప్పుడు బండి సంగతి. అది మా వారి చిన్న కారు. ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. కలకత్తా సాల్ట్ లేక్‌లో మా ఫ్లాట్ల కింద ఇనుప షట్టరు ఉన్న గరాజులో ఉంటుంది. వారానికోసారి బజారుకీ, నాకు పని ఉన్న చోటికీ తీస్తాను. రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం తాళం తిప్పితే టక్కుమంది, అంతే. పక్క వీధి మెకానిక్కు వచ్చి, "మాషీమా, బ్యాటరీకి ముసలితనం వచ్చేసింది" అని నన్ను పిన్నిని చేసి, బెంగాలీలో చెప్పి కొత్తది వేసి వెళ్ళాడు. మరుసటి శుక్రవారానికి ఆ కొత్తదీ చచ్చింది. మళ్ళీ చార్జి చేయించాం, మళ్ళీ చచ్చింది. మా దర్వాన్ నన్ను చూడగానే నవ్వు ఆపుకుంటూ "మాషీమా, ఆబార్?" అనేవాడు. మళ్ళీనా అని.

ఒక సాయంత్రం మా అబ్బాయి నా పక్కన కూర్చుని, "అమ్మా, దిగేటప్పుడు లైట్లు ఆర్పుతున్నావా?" అన్నాడు.

"ఆర్పుతున్నాను."

"ఆర్పినట్టు గుర్తుందా?"

ఆ రెండో ప్రశ్న మెత్తగా అడిగాడు. గట్టిగా అడిగి ఉంటే నేను ఊరుకునేదాన్ని. కోడలు వంటింట్లోంచి, "పోనీలెండి అత్తయ్యగారూ, వయసన్నాక ఎవరికైనా..." అని వాక్యం సగంలో వదిలేసింది. మిగతా సగం నేను పూర్తి చేసుకోవాలి కాబోలు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఇవాళ ఏ వారమో అడిగారు ఆయన. వందలోంచి ఏడేసి తీసివేసుకుంటూ పొమ్మన్నారు. రెండు దాకా వెళ్ళి, "ఇంక ఏడు తీయడానికి లేదు, ఆపమంటారా?" అన్నాను. ఆయనకి నవ్వొచ్చింది. మా అబ్బాయికి రాలేదు. "మొదట్లో ఈ పరీక్షల్లో బయటపడదటమ్మా" అని, ఇంటికొచ్చి తాళంచెవి తన బీరువాలో పెట్టుకున్నాడు.

తాళంచెవితో బండి ఒక్కటే పోదు. ఎక్కడికి, ఎందుకు, ఎవరితో, ఎంతసేపు అనే ప్రశ్నలు వచ్చి కూర్చుంటాయి. గ్యాసు కట్టేశావా అని ఒకరు వెనకాల వస్తారు. మాత్రలు వేసుకున్నావా అని ఒకరు డబ్బా తెరిచి చూస్తారు. నేను చెప్పిన ప్రతి మాటకీ ఇంట్లో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు.

ఆ ఆదివారం మా ఆడపడుచు భోజనానికి వచ్చింది. మేనత్త సంతోషిస్తుందనుకున్నాడో ఏమో, మా అబ్బాయి అంతా చెప్పాడు. ఆవిడ ముద్ద కంచంలో పెట్టేసింది.

"ఏటీ? వదినకి మతిమరుపా?" అని పెద్దగా నవ్వింది. "ఒరే, నా పెళ్ళిలో నేనేటన్నానో నాకే గుర్తు లేదు. మీ అమ్మ ఏటేటా నాకు అప్పజెప్తాది, ఒక్క మాట పొల్లు పోకుండా. మీ అమ్మని గయ్యాళి అను, ఒప్పుకుంటాను. రాక్షసి అను, సాక్ష్యం చెప్తాను. మతిమరుపంటే మాత్రం నేనొప్పను."

"మరి బ్యాటరీ ఎందుకు అయిపోతోందత్తా?"

"అది బండినడగాలి గాని మీ అమ్మనడిగితే ఏటొస్తాది? బ్యాటరీ నిండా చార్జి చేయించీ. వచ్చే ఆదివారం తాళం నా చేతికియ్యి."

నాకు కృతజ్ఞత కలగలేదు. నా తరఫున మాట్లాడడానికి ఈవిడే దొరికిందా అనిపించింది.

చెప్పినట్టే వచ్చింది. సంచిలోంచి పాత తువ్వాలు విప్పి, కరెంటు కొలిచే మల్టీమీటరు తీసింది. మా అబ్బాయిని, "నువ్వు పైకి పో, ఉంటే సలహాలిస్తావు" అని తోలేసింది. బానెట్టు ఎత్తి, బ్యాటరీ నెగటివు తీగ ఊడదీసి, ఆ తీగకీ బ్యాటరీకీ మధ్య మీటరు కట్టింది. బ్యాటరీలోంచి ఏది బయటికి పోయినా ఆ మీటరు మీదుగానే పోవాలి. గుమ్మంలో కూర్చున్న అత్తగారిని దాటకుండా కోడలు వీధిలోకి వెళ్ళలేనట్టు. ఫ్యూజుల పెట్టె స్టీరింగు కింద ఉంది కనక తలుపు తెరిచే ఉంచాలి. తెరిచి ఉంటే బండి మెలకువగా ఉంటుంది. అందుకని తలుపు గొళ్ళాన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి మూసేసింది. తలుపు వేశారనుకుంటుందట బండి.

"ఇప్పుడు దీన్ని నిద్రపోనియ్యాలి" అంది. "ఏదీ ముట్టుకోకు. నోరు కూడా మూసుకుంటే మంచిది. బండి కోసం కాదు, నా కోసం."

రెండు ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చున్నాం. నోరు మూసుకోమన్నది ఆవిడే, తెరిచిందీ ఆవిడే.

"ఆ రోజు పొద్దున్న మా అన్న ఏటన్నాడు వదినా?"

"కిటికీ తియ్యమన్నారు. మంచినీళ్ళు అడిగారు. పేపరు వచ్చిందా అన్నారు."

"నొప్పనలేదా?"

"అనలేదు."

"అనకపోతే నీకు తెలీదా?"

"తెలిస్తే ఆగుతానా?"

"ఆగేవు కదా."

ఎప్పుడూ ఇదే వరస. ఇక్కడితో ఇద్దరిలో ఒకరం లేచి వెళ్ళిపోతాం. ఆ రోజు మీటరు కట్టి ఉంది గనక ఎవరం లేవలేదు. కాసేపటికి ఆవిడ అంకెల వైపే చూస్తూ అంది.

"నీకు మతి లేదని వీళ్ళు తేల్చీసేరనుకో, రేపు నేనెవర్నడగను? నువ్వు చెప్పింది నేను నమ్మను, అది వేరు. చెప్పడానికంటూ నువ్వుండాలి కదా. మా అన్న ఆఖరి పొద్దు ఇంకెవరి దగ్గరా లేదు."

ఆ మాట పూర్తయ్యీ కాకుండానే లేచి, "బండి పడుకోలేదు. చూడు, పడుకున్న బండి తాగాల్సినదానికి పదింతలు తాగుతోంది" అని ఫ్యూజుల దగ్గరికి వెళ్ళింది.

ఆవిడ ముందు సీటు దగ్గర వంగి ఒక్కొక్క ఫ్యూజూ పీకడం, నేను బానెట్టు దగ్గర నిలబడి అంకె చదవడం.

"తగ్గిందా?"

"లేదు."

"తగ్గిందా?"

"లేదు."

"సరిగ్గా చూసి చెప్పు."

"నేను ఏదైనా సరిగ్గానే చూస్తాను."

"అన్నీ ఒక్కసారి పీకీస్తే పని తొందరగా అయిపోతాది కదా?" అన్నాను మధ్యలో, ఆవిడ యాస వెక్కిరిస్తూ. ఆవిడ తల పైకెత్తకుండా, "అందరినీ ఒకేసారి గెంటీస్తే దొంగెవరో తెలీదు వదినా. ఒక్కొక్కర్నే పంపాలి" అంది. బడిలో పిల్లలకీ ఇలాగే చెప్పేదట. ఇంకొక మాట కూడా అనేది, అప్పుడు కూడా అంది: "మీటరుకి మొహమాటం లేదు."

ఒక ఫ్యూజు దగ్గర అంకె దబ్బున పడింది. "పడింది" అన్నాను. మళ్ళీ పెట్టింది, లేచింది. తీసింది, పడింది. పెట్టె మూత మీది బొమ్మ చూసి, "సిగరెట్టు వెలిగించుకునే సాకెట్టిది. ఇంట్లో ఎవరు కాలుస్తారు? నువ్వా?" అంది. నేను జవాబు చెప్పేలోగా చీర కుచ్చెళ్ళు బిగించి, టార్చి పట్టుకుని డాష్‌బోర్డు కింద తల దూర్చింది. ఆ సాకెట్టు తీగకి ఎవరో ఇంకో తీగ అతికారు. దాని చివర అగ్గిపెట్టెంత నల్ల డబ్బా, నల్ల టేపు చుట్టి ఉంది. చిన్న ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటోంది.

"వదినా," అంది లోపలి నుంచే, "నీ కొడుకు నీకు తాయెత్తు కట్టేడు."

బండి ఎక్కడుందో ఫోనులో చూపించే యంత్రమది. పిలిస్తే మా అబ్బాయి కిందికి వచ్చాడు. ఆ మధ్య వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని నేను ఫోను ఎత్తలేదట, భయమేసి పెట్టించాడట. చెబితే నేను ఒప్పుకోనని చెప్పలేదట. చెప్పినా ఒప్పుకునేదాన్ని కాదు, అది నిజమే.

"ఈ షట్టరు వెనకాల దానికి ఆకాశంలో శాటిలైటు కనబడదురా" అంది మేనత్త. "కనబడేదాకా వెతుకుతూనే ఉంటాది. దానికీ నిద్దర్లేదు, బండికీ నిద్దర్లేదు. నువ్వు పెట్టిన అనుమానమే కరెంటు తాగీసి, మీ అమ్మని వెర్రిదాన్ని చేసింది."

తాళంచెవి వాడి చేతికే తిరిగిచ్చింది. నేను చెయ్యి చాపాను. తాళంచెవి నా అరచేతిలో పెట్టాడు.

"మీ అమ్మ మీద నిఘా పెట్టాలంటే నన్నడగాల్సిందిరా" అందావిడ తీగ ఊడదీస్తూ. "ఆవిడ ఈ ఇంట అడుగెట్టిన నాటి నుంచీ చేస్తన్నాను. బ్యాటరీ కూడా అక్కర్లేదు."

దీనితో మేమిద్దరం ఒకటైపోయామని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆవిడ ఈ కథని లిలువా అంతా చెప్పింది. ప్రతిసారీ అందులో నా పాత్ర తగ్గి, చివరికి టార్చి పట్టుకున్నదాన్నయ్యాను. కంటి డాక్టరు దగ్గరికి నా బండిలోనే వెళ్ళేది. దారి పొడుగునా, "క్లచ్చి మీద కాలేసి నిద్రపోతావేటి?" అనేది. తిరిగి దిగబెట్టినప్పుడల్లా గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, కిటికీలోంచి అడిగేది, ఆ ఉదయం సంగతి. నేను చెప్పేదాన్ని. తల అడ్డంగా ఊపి లోపలికి పోయేది.

పన్నెండో రోజున లిలువా వెళ్ళాం. నేనే నడిపాను. మా అబ్బాయి పక్క సీట్లో కూర్చుని, బ్రేకు లేని చోట కాలు నొక్కుతూనే ఉన్నాడు. ఆవిడ ముందు గదిలో చుట్టాలు, పాత విద్యార్థినులు నిండి ఉన్నారు. అందరూ ఆవిడ ఎంత మంచిదో చెబుతున్నారు. ఎవరో నన్ను, "మీరు మొదటిసారి ఎప్పుడు చూశారండీ?" అని అడిగారు.

పరీక్షల వల్ల మా పెళ్ళికి రాలేదని, కొత్త పెళ్ళికూతురిగా నేను హౌరాలో దిగినప్పుడు ఆవిడే స్టేషనుకి వచ్చిందని చెప్పాను. నన్ను ఎగాదిగా చూసి, "అన్నా, ఫొటోలో కంటే పొట్టిగా ఉందేటి?" అందని చెప్పాను. నవ్వారు. అప్పుడు నేను, "ఆ రోజు పెద్ద వాన" అన్నాను.

వాన కాదు. ఎండ. స్టేషను బయట అడుగు వేస్తే చెప్పు తారుకి అంటుకుపోయే ఎండ. ఆ సంగతి నాకు నిన్నటిలా తెలుసు. తెలిసే అన్నాను. అని ఆగాను. లోపలి గదిలోంచి ఎవరైనా "అబద్ధం!" అని అరవడానికి కావలసినంత సేపు ఆగాను.

"అవునండి, అప్పట్లో వానలు అలాగే ఉండేవి" అంది ఒక పెద్దావిడ. మా ఆడపడుచు కొడుకు కళ్ళు తుడుచుకుని, "అమ్మ కూడా చెప్పేదత్తా, తడిసి ముద్దయ్యామని" అన్నాడు. మా అబ్బాయి నా చేతి మీద మెల్లగా చెయ్యి వేసి, "అవునమ్మా" అన్నాడు. గదిలో తలలన్నీ ఊగుతున్నాయి. మండిపోయిన ఆ మధ్యాహ్నం మీద అందరూ కలిసి వాన కురిపిస్తున్నారు, ఆపేవాళ్ళు లేరు.