ఎగిరే గిత్తలకు అభ్యంతరం లేదు

మా నాన్నది చిలకలూరిపేటలో బట్టల కొట్టు. ఎక్కడ బిగించాలో, ఎక్కడ తగ్గాలో కొనేవాడి మొహం చూసి చెప్పడం నాకు అక్షరాలకంటే ముందే వచ్చింది. అలాంటివాణ్ణి నవలలు రాసుకుని బతుకుతానని బయల్దేరాను. అదీ ఇంగ్లీషులో. అదీ ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకునే నవలలు, రాజ్యాలూ మంత్రాలూ కలిపి. ఎక్కడో చలిదేశాలవాళ్ళు ఫోన్లలో కొనుక్కుని చదువుతారు, ఏడ్చామని మెయిళ్ళు పెడతారు. పేటలో మాత్రం 'అబ్బాయి ఇంగ్లీషులో ఏదో రాస్తాడు' దగ్గరే నా కీర్తి ఆగిపోయింది. ఇన్నేళ్ళూ అది నాకూ సుఖంగానే ఉంది.

ఆ సుఖం చెడగొట్టింది నాతో ఉండేవాడు. స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. నా ప్రతి నవలలోనూ ఏదో ఒక వేషంలో వాడుంటాడు, ఒక్కటీ చదవలేదు. "నా గురించి లోకమంతా చెప్పి నాకు మాత్రం చెప్పవేంట్రా? తెలుగులో రాయి. కాగితాలొద్దు, పుస్తకంగా వచ్చాక చదువుతా" అన్నాడు. రాశాను.

కథలో గిత్తలు ఎగురుతాయి. వాటిని అమ్మడానికి ఒకడు, కొనడానికి ఒకడు సంతకు వస్తారు. పశువుల సంతలో ధర పైకి చెప్పరు. చేతుల మీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. నలుగురిలో ఇద్దరు మగవాళ్ళు అంతసేపు చేతులు పట్టుకున్నా ఎవరూ ఏమీ అనుకోని చోటు అది. నా వాళ్ళిద్దరికీ బేరం తెగుతుంది. చేతులు మాత్రం తీయరు.

ఒంగోలులో పుస్తకాలు అచ్చువేసే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. పశువుల బేరగాళ్ళ ఇంట్లో పుట్టినవారు, ఆయనకైతే అర్థమవుతుందని పట్టుకెళ్ళాను.

"బాగా రాశారండీ. ఒక్క తప్పుంది" అన్నారు. "బేరం తెగాక చెయ్యి తీసెయ్యాలి. మీవాళ్ళు తీయలేదు."

"అదేనండీ కథ."

ఆయన ఆ పేజీ మళ్ళీ చదివారు. ఈసారి గొంతు తగ్గించారు. "కొనేవాణ్ణి ఆడపిల్లని చేసేద్దామండీ. 'వచ్చాడు' ఉన్నచోటల్లా 'వచ్చింది' అంటే సరిపోద్ది."

"ఆడవాళ్ళు తువ్వాలు కింద బేరమాడతారాండీ?"

"మీ గిత్తలు ఎగరట్లా?"

"అవి ఎగిరితే మీకు అభ్యంతరం లేదా?"

"గిత్తలు ఎగిరితే మా పుస్తకాలు కొనే లైబ్రరీలవాళ్ళు ఏమీ అనరండీ."

నాలో కొట్టు బుద్ధి లేచింది. తగ్గడం మొదలెట్టాను. పుస్తకం పేరు మార్చుకోమన్నాను. యుద్ధం అధ్యాయం తీసెయ్యమన్నాను. ముద్దు కూడా వదులుకున్నాను. అసలు ఆ ముద్దు పెట్టింది ఇలా వదులుకోవడానికేనని ఆయనకు చెప్పలేదు. ఆయన నేనిచ్చినవన్నీ పుచ్చుకుని, మొదటి మాట దగ్గరే కూర్చున్నారు. "మరి ఆ 'డు' సంగతి?"

ఆ 'డు' కాస్తా ఇచ్చేస్తే ఫిట్టరుకు చూపించడానికి నా దగ్గర ఏముంటుంది?

ఇక ఆఖరి ఎత్తు ఒకటి మిగిలింది. కాగితాలు సర్దుకుని లేచాను. బేరం వదిలేసినవాడిలా ఎలా లేవాలో, గడప దగ్గర ఎంతసేపు తచ్చాడాలో నాకు తెలుసు. అలా గడప దాకా పోనిచ్చి వెనక్కి పిలిచే వంశం మాది. చెప్పులు ఒక్కొక్కటే వేసుకున్నాను. మెట్ల మీద ఆగి, రాని ఫోను ఎత్తి మాట్లాడాను.

"ఏవండీ!" అని పైనుంచి కేక.

తిరగడానికి కాస్త ఆలస్యం చేశాను. ఆత్రం కనబడకూడదు కదా.

"మీ హెల్మెట్టండీ!"

కింద బండి మీద నాకోసం కూర్చున్న ఫిట్టరు మొహం వెలిగిపోతోంది. "వెనక్కి పిలిచాడుగా, విన్నాలే. తెగిందా?"

"హెల్మెట్ కోసం పిలిచాడ్రా. ఒకణ్ణి ఆడపిల్లని చెయ్యాలంట."

"ఎవణ్ణి?"

"కొనేవాణ్ణి."

"అందులో నేనెవర్ని? అమ్మేవాణ్ణా, కొనేవాణ్ణా?"

"తియ్యరా బండి" అన్నాను.