వెయ్యి గోమార్లు ఏరిన పూట

మా ఆవు ఒంటి మీంచి ఒక్క పూటలో వెయ్యి గోమార్లు ఏరానని ఇప్పటికీ చెప్పుకుంటాను. నిజం చెప్పాలంటే యాభై ఉంటాయేమో. చెవుల్లో, తోక కింద, పొదుగు పక్కన పట్టి రక్తం పీల్చేస్తుంటే, ముట్టుకుంటే చాలు ఆవు తన్నేది. ఊళ్ళోకి ప్యాకెట్ పాలు రాని రోజులవి. ఇంట్లో కాఫీ ఆగిపోయింది. లంక చుట్ట నోట్లో పెట్టుకుని కూర్చుని అన్నీ ఏరి పారేశాను. నెల తిరక్కుండా మళ్ళీ పట్టాయి.

ఈసారి మా ఆవిడ ఆవుని కట్టేసే సావిడి గోడ బీటల్లోకి టార్చిలైటు వేసి చూసింది. పిల్లాపాపలతో అక్కడే కాపురం! బీటలన్నీ మెత్తి, సున్నం కొట్టించి, ఆవుకి వేపనూనె రాసింది. కాఫీ తిరిగొచ్చింది.

"ముందు నేను ఏరబట్టే కదా!" అన్నాను గ్లాసు అందుకుంటూ.

"కిరసనాయిల్లో వెయ్యమంటే గోడవార విసిరారు. అవే బీటల్లో దూరి గుడ్లు పెట్టాయండీ. మీరు ఏరలేదు, నారు పోశారు" అంది.