నడిమికాలి రెండో ముల్లు

మా వీధి మేష్టారు గురువారం పోయారు. కబురు వినేసరికి మగ్గం మీద ఉన్నాను. కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

బడిలో సైన్సు చెప్పేవారు. మిగిలిన పొద్దంతా పంచె ఎగ్గట్టి, నేను నేసిన పల్చటి గుడ్డతో కుట్టిన వల పట్టుకుని కందిరీగల వెంట పరుగెత్తేవారు. మూతి వాచినా పాఠం మానేవారు కాదు. ఆ రోజున చెప్పింది మాత్రం ఎవరికీ తెలిసేది కాదు.

నాకు సంతకం కంటే నాలుగు ముక్కలు ఎక్కువ వచ్చు, అంతే. కానీ వందో నంబరు నూలు పోగులు వట్టి కంటితో లెక్కపెడతాను. ఇలాంటి కన్ను ఈ తాలూకాలో ఇంకొకడికి లేదు. అందుకే మేష్టారు నా దగ్గరికి వచ్చేవారు.

ఒకనాడు అట్టముక్కకు జిగురుతో అతికించిన నల్ల కందిరీగను తెచ్చారు.

"మావా, నడిమికాలు సూడు. పిక్క చివర రెండు ముళ్ళుంటే మామూలు రకం. ఒకటే ఉంటే కొత్త రకం, మన దేశంలో ఎవరూ పట్టనేదు."

దాని ఒంటి నిండా దుమ్ము. మా ఇంటిది దువ్వెనలా పట్టి పత్తి దువ్వే, సన్నటి పళ్ళున్న వాలుగచేప దవడ తీసుకుని మెల్లగా దులిపాను.

"ఓలమ్మో! పురుక్కి తల దువ్వుతన్నావేటి?" అని ఆవిడ గోల.

"ఒకటే, మేష్టారూ!" అన్నాను.

ఆయన నన్ను వాటేసుకుని, మద్రాసు పండితులకు ఉత్తరం రాయడానికి పరుగెత్తారు.

మర్నాడు ఇంటిది దవడ చేతికెత్తి, "పళ్ళ సందున ఈ ముల్లేటి?" అంది. చూశాను. కందిరీగ కాలిదే, నేను దులిపినప్పుడు ఊడింది. చెబితే నా పరువు పోతుంది. చెప్పకపోతే మద్రాసులో ఆయన పరువు పోతుంది. టపా కట్టకముందే వెళ్ళి చెప్పేశాను.

ఆయన జిగురు తడిపి, అట్టకు అంటుకున్న రెండోవైపు కాలు విడదీశారు. రెండు ముళ్ళు! ఉత్తరం చింపి, పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఒక్క కాలు సూసి ఏ పురుగునీ నమ్మకూడదు మావా. తప్పు నాదే. ఆ ముల్లు మాత్రం దవడలోంచి తియ్యకు, ఉండనీ."

ఆ తరవాత కూడా ప్రతి పురుగునీ నాకే చూపించారు. ముందు దవడ దాయించేవారు, అంతే.

మొన్న ఆయన ఇంటావిడ ఆ అట్ట నాకిచ్చారు. వెనక ఆయన రాతను కూడబలుక్కుని చదివాను: "మామూలు రకం. ఒక ముల్లు మావ ఇంట్లో ఉంది."

ఉంది. ఆ దవడలో ముల్లున్న చివరి నాలుగు పళ్ళు మా ఇంటిది వాడదు. పత్తి ఇవతలి పళ్ళతోనే దువ్వుతుంది. ఆ ముల్లు నాకు మగ్గం మీంచే కనిపిస్తుంది, భూతద్దం అక్కర్లేదు.